ఇద్దరం కలిసి రాగికి ట్రైనింగ్ ఇచ్చాం: నా అనుభవం

కుక్కపిల్లకి ట్రైనింగ్ ఎలా ఇవ్వాలో చూపించే వీడియోలు నేను చూసినన్ని మా కాలనీలో ఎవరూ చూసి ఉండరు. అన్నింటిలోనూ ఒకే మనిషి, ఒకే కుక్క, చుట్టూ పచ్చటి లాన్. మాకు లాన్ లేదు, వైజాగ్ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో ఫ్లాట్ ఉంది. మనుషులం మాత్రం ఇద్దరం ఉన్నాం, టెక్కలి నుంచి అత్తయ్య వస్తే ముగ్గురం. ఇంట్లో ఇద్దరుంటే కుక్క ఇద్దరి దగ్గరా విడివిడిగా పాఠాలు నేర్చుకుంటుంది, పైగా రెండూ చక్కగానే నేర్చుకుంటుంది. ఈ సంగతి ఆ వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. "ఇది అస్సలు మాట వినదు" అని మేము రాగిని తిట్టుకున్న రోజుల్లో అది నిజానికి ఇద్దరి మాటా వింటోంది.

రాగి ఊరకుక్క పిల్లే. వెంకోజీపాలెం వైపు ఒక కడుతున్న బిల్డింగ్ దగ్గర పుట్టింది, రంగు చూసి ఆ పేరు పెట్టాం. డాక్టరుగారు పళ్ళు చూసి రెండు నెలలు ఉంటాయన్నారు, టీకాల వరస రాసిచ్చారు: పార్వో, డిస్టెంపర్ లాంటివాటికి మూడు నాలుగు వారాలకోసారి నాలుగు నెలలు నిండేదాకా, రేబిస్ టీకా మూడు నెలలు దాటాక, తర్వాత ఏడాదికోసారి. మా మొదటి గొడవ అక్కడే మొదలైంది. టీకాలు అయ్యేదాకా గడప దాటించకూడదని మా ఆయన. పిల్లలకి లోకం అలవాటయ్యే వయసు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకానే, ఆ టైములో చూడనివాటికి తర్వాత భయపడతాయని నేను చదివాను. ఇద్దరూ కరెక్టే, కింద దింపకుండా ఎత్తుకుని తిప్పండి అన్నారు డాక్టరుగారు. ఇక పాత తువ్వాల్లో చుట్టి లిఫ్ట్ శబ్దం, స్కూటర్ హారన్, బీచ్ రోడ్డు మీద తక్కువ ఎత్తులో పోయే నేవీ హెలికాప్టర్లు, అన్నీ చూపించాం. ఇప్పుడు హెలికాప్టర్ వెళ్తే తలెత్తి చూస్తుంది అంతే. కుక్కర్ విజిల్‌కి మాత్రం ఇప్పటికీ మంచం కిందికి దూరుతుంది, అదేమిటో మరి.

మా ఆయనకి పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. షిఫ్టులు వారం వారం మారతాయి, ఇసుకతోట జంక్షన్‌లో కంపెనీ బస్సు ఎక్కుతారు. నేను స్కూల్లో టీచర్‌ని, మూడున్నరకల్లా ఇంట్లో ఉంటాను. దీనివల్ల ఏమైందంటే రాగిని ఇద్దరం కలిసి పెంచుతున్నాం అనుకున్నాం కానీ, షిఫ్టుల వారీగా పెంచుతున్నాం. ఆయన దగ్గర ఉన్నప్పుడు ఏం జరుగుతోందో నాకు తెలీదు, నా దగ్గర ఏం జరుగుతోందో ఆయనకి తెలీదు.

ఉదాహరణకి బయటికి తీసుకెళ్ళడం. పిల్లకి ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే దాదాపు అన్ని గంటలు ఆపుకోగలదని ఒక మోటు లెక్క ఉంది. మూడు నెలల పిల్లయితే నాలుగు గంటలు. మా ఇద్దరి డ్యూటీల మధ్య ఖాళీ అంతకంటే ఎక్కువ ఉన్న రోజుల్లో పై ఫ్లాట్ ఆంటీ సాయం చేశారు, ఆవిడకి ఎన్ని సార్లు థాంక్స్ చెప్పినా తక్కువే. కింద వేపచెట్టు మూల నాతో వెళ్తే రాగి వెంటనే పని కానిచ్చేసేది. ఆయనతో వెళ్తే అరగంట వాసనలు చూస్తూ తిరిగి, ఇంటికొచ్చి డోర్‌మ్యాట్ మీద పోసేది. ఆయనంటే లెక్కలేదు అనుకున్నాం. కారణం వేరే. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషి కదా, అది పోసిన మరుక్షణం తాడు పట్టుకుని పైకి లాక్కొచ్చేసేవారు. పోస్తే షికారు అయిపోతుందని దానికి అర్థమైంది, ఇక ఎందుకు పోస్తుంది. పని అయ్యాక కాసేపు తిప్పి తీసుకురావడం మొదలెట్టాక డోర్‌మ్యాట్ బతికిపోయింది.

మీద పడి గెంతడం అంత సులువుగా పోలేదు. పొద్దున్నే ఆయన తలుపు తీయగానే రాగి గాల్లో ఉండేది, ఆయన అలాగే పట్టుకుని భుజం మీదికి ఎత్తుకునేవారు. నేను గంజి పెట్టిన కాటన్ చీర కట్టుకుని స్కూలుకి బయల్దేరుతుంటే నా మీదా అదే గెంతు, నేను "ఛీ, దిగు" అని అరుపు. నేను అరుస్తుంటే అది ఇంకా హుషారుగా గెంతేది. పాలబ్బాయి మీద కూడా పడి అతని ప్యాంటు చింపాక ట్రైనర్‌ని పిలిచాం.

వచ్చిన కుర్రాడు ఫోన్లోనే ఒక షరతు పెట్టాడు, ఇంట్లో ఇద్దరూ ఉన్న రోజే వస్తాను, ఒక్కరే ఉంటే రాను అని. ఆయన వీక్లీ ఆఫ్ దాకా ఆగాల్సి వచ్చింది. వచ్చాక కుక్కని ముట్టుకోలేదు. మూల కుర్చీలో కూర్చుని టీ తాగుతూ నన్ను బయటికెళ్ళి మళ్ళీ రమ్మన్నాడు, తర్వాత ఆయన్ని. తర్వాత చెరో కాగితం ఇచ్చి, "అక్కా, సార్, ఒకరిది ఒకరు చూడకండి" అని ప్రశ్నలు చెప్పాడు. అది మీద పడితే ఏం చేస్తారు? సోఫా ఎక్కితే? మొరిగితే? మీరు తినేటప్పుడు వచ్చి అడిగితే?

సగం జవాబులు వేరువేరుగా ఉంటాయని నాకు ముందే తెలుసు. చివరి ప్రశ్నకి మాత్రం ఇద్దరం ఒకే మాట రాశాం: పట్టించుకోం. ఆ కుర్రాడు ఆయన వైపు తిరిగి, "ఎప్పుడూనా సార్?" అన్నాడు. "ఎప్పుడూనే. ఆదివారం చికెన్ చేస్తే ఒక ముక్క, అంతే." కుర్రాడు నవ్వి, "ఆ ఆదివారమే సార్ సమస్య" అన్నాడు.

ఇక్కడ నాకు బీఈడీ గుర్తొచ్చింది. మనస్తత్వవేత్త స్కిన్నర్ పేరూ, ఆయన పావురాల ప్రయోగాలూ పరీక్ష కోసం బట్టీ పట్టినదాన్ని, ఇంట్లో పనికొస్తుందని అనుకోలేదు. మీట పొడిచిన ప్రతిసారీ గింజలు దొరికిన పావురం, గింజలు రావడం ఆగిపోతే త్వరగానే మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికిన పావురం మానదు, పొడుస్తూనే ఉంటుంది. ఫెర్‌స్టర్, స్కిన్నర్ కలిసి 1957లో వేసిన లావుపాటి పుస్తకం నిండా ఇలాంటి లెక్కలే. లాటరీ టికెట్ కొనేవాడు ఎందుకు మానడో రాగి కంచం పక్కన కూర్చోవడం అందుకే మానలేదు. అంటే నేను వారమంతా పాటించిన నియమం, ఆయన ఆదివారం ముక్కతో కలిసి, అడుక్కునే అలవాటుని పోగొట్టకపోగా గట్టిపరిచింది. రోజూ పెట్టి ఒక్కసారిగా మానేసి ఉంటే ఇంతకంటే తొందరగా పోయేది. ఇద్దరిలో ఒకరు కఠినం, ఒకరు మెత్తన అయితే కుక్కకి మధ్యస్థంగా ఏదో అందుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ విన్నాను ఆ మాట. మధ్యస్థంగా ఏమీ అందదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి చూడాలని మాత్రం దానికి తెలుస్తుంది.

ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. ముందు మాటలు. నేను సోఫా దిగమనడానికి "డౌన్" అనేదాన్ని, ఆయన పడుకోమనడానికి "డౌన్" అనేవారు, అది సోఫా మీదే పడుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. ఇప్పుడు దిగు అంటే దిగడం, పడుకో అంటే పడుకోవడం, వదులు అంటే నోట్లోది వదలడం. చెయ్యి సైగలు కూడా ఒక్కటే చేశాం, ఎందుకంటే నోటిమాట కంటే చెయ్యి కుక్కకి త్వరగా ఎక్కుతుంది. నా గొంతు సన్నం, ఆయనది మంద్రం, అరచెయ్యి మాత్రం ఇద్దరిదీ ఒకలాగే పైకి లేస్తుంది. ఒకసారి చెప్పాక ఆగాలి, కూర్చో కూర్చో కూర్చో అని జపం చేయకూడదు. నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది ఇంకొకటి. ఎవరు చెప్తే వాళ్ళే ముగించాలి. ఆయన కూర్చోమన్నప్పుడు అది కూర్చోకపోతే నేను వంటింట్లోంచి అందుకోకూడదు. టీచర్ని కదా, నోరు ఆపుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. కానీ నేను అందుకున్న ప్రతిసారీ ఆయన మాట ఉత్తదే, అసలు మాట ఇంకొకరి దగ్గర ఉంది అని దానికి చెప్పినట్టే.

సోఫా దగ్గర ఒప్పందం తెగలేదు. నాకు సోఫా మీద కుక్క వద్దు. ఆయనకి డ్యూటీ నుంచి వచ్చి టీవీ పెట్టుకుని దాన్ని పక్కన పడుకోబెట్టుకుంటేనే అలసట తీరుతుంది. "నువ్వు మరీ హెడ్ మిస్ట్రెస్ లాగా చేస్తున్నావ్, ఇల్లు కూడా స్కూలేనా?" అన్నారు. "మరి కవర్లు మీరు ఉతుకుతారా?" అన్నాను. ట్రైనర్ కుర్రాడు దీనికి చెప్పిన ఉపాయం నాకు నచ్చింది. ఒక పాత దుప్పటి పెట్టుకోండి, గళ్ళది. అది పరిచి ఉంటే సోఫా ఎక్కొచ్చు, ఎవరు కూర్చున్నా సరే. లేకపోతే ఎక్కకూడదు, ఎవరు పిలిచినా సరే. కుక్కకి నియమం ఎంత కఠినంగా ఉందన్నది ముఖ్యం కాదు, ఎప్పుడు అవునో ఎప్పుడు కాదో కంటికి కనబడాలి. కొన్ని వారాలకి ఆయన అల్మరా తలుపు తీసి దుప్పటి అందుకుంటుంటేనే రాగి సోఫా దగ్గర నిలబడి తోక ఊపేది, పరిచేదాకా ఎక్కేది కాదు. దుప్పటి ఉతికేది ఆయనే, అది కూడా కాగితంలో రాశాం.

మీద పడి గెంతడానికి: నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటేనే పలకరింపు. లేస్తే మాట లేదు, చూపు లేదు, చెయ్యి లేదు. అరవడం కూడా దానికి పలకరింపే కాబట్టి నా "ఛీ" కూడా బంద్. ఆయన తలుపు దగ్గర చిన్న డబ్బా పెట్టుకున్నారు. అందులో ఉప్పు వెయ్యకుండా ఉడికించిన నెత్తళ్ళ ముక్కలో, కోడి లివర్ ముక్కలో, శనగబద్దంత సైజులో. ఎండు నెత్తళ్ళు వద్దు, ఉప్పు చాలా ఎక్కువ. రోజు మొత్తం తిండిలో ఇలాంటి చిరుతిళ్ళు పదో వంతు దాటకూడదని డాక్టరుగారి మాట, అందుకని ఇద్దరం ఒకే డబ్బాలోంచి తీస్తాం, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. లేకపోతే ఇద్దరి చేతుల్లోంచీ తిని కుక్క లావెక్కడం ఖాయం.

ఇక భోజనాల దగ్గరికి వస్తే, పెట్టడం పూర్తిగా మానేశాక మొదట తగ్గలేదు, పెరిగింది. పక్కన కూర్చుని చూసేది కాస్తా కాలు గీకడం మొదలెట్టింది, తర్వాత మొరగడం. కింద ఫ్లాట్ వాళ్ళు ఫోన్ చేశారు. అలవాటు పోయేముందు ఇలా ఒకసారి ఉధృతమవుతుందని ముందే తెలియకపోతే ఎవరైనా అక్కడ లొంగిపోతారు. లొంగితే ఇంకా గట్టిగా మొరిగితే పెడతారని దానికి నేర్పినట్టు. ఆయన లొంగలేదు, ప్లేటు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి తిన్నారు. నేను ఆయన్ని అంతలా మెచ్చుకున్న సందర్భాలు పెళ్ళయ్యాక తక్కువే.

సరిగ్గా మొరగడం తగ్గుతున్న రోజుల్లో అత్తయ్య వచ్చారు. కాగితం చూపించాం, చదివారు, తల ఊపారు. మధ్యాహ్నం చూస్తే టేబుల్ కింద చెయ్యి. "అలా సూస్తంటే మనకి ముద్దెలా దిగుద్దమ్మా? నోరులేని గుంట, దిష్టి తగల్దూ?" అన్నారు. కొడుకు లాభనష్టాలు, పావురాలు అన్నీ చెప్పబోయాడు. పావురాల సంగతి ఆవిడకి ఎందుకు. ఆవిడ చిన్నప్పటినుంచీ తినేముందు ఒక ముద్ద పక్కన తీసిపెట్టే మనిషి, అది మాన్పించాలనుకోవడం కూడా నాకు బాగోలేదు. ముద్ద ఉంటుంది, అందరం చేతులు కడుక్కున్నాక దాని గిన్నెలో మీరే వెయ్యండి అన్నాను. ఒక్కటే కండిషన్, పులుసు కలపకూడదు, ఉల్లిపాయ కుక్కలకి విషం, రక్తాన్ని దెబ్బ తీస్తుంది. ఉడికిన ఎముకలు కూడా వద్దు, విరిగి గొంతులో గుచ్చుకుంటాయి. ఉప్పు లేని పెరుగన్నం ముద్దకి ఒప్పుకున్నారు. ఇప్పుడు అందరికంటే క్రమశిక్షణగా ఉండేది ఆవిడే. కొడుకు చెయ్యి కడుక్కోకుండా లేచి గిన్నె వైపు వెళ్తే, "ఆగరా, ముందు సెయ్యి కడుక్కో" అంటారు.

నడక గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. తాడు లాగితే కదలకుండా నిలబడాలి, వదులైతే నడవాలి, ఇద్దరూ అలాగే చెయ్యాలి. బస్సు టైము అవుతున్న రోజుల్లో ఆయనకి నిలబడే ఓపిక ఉండేది కాదు. అలాంటి రోజు ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వేస్తారు, అప్పుడు లాగినా సరే, ట్రైనింగ్ నడక అయితే మెడ పట్టీ. దుప్పటి లాంటిదే ఇది కూడా: ఏది వేస్తే ఏ నియమమో దానికి తెలుసు. ఆయన తోటి ఉద్యోగి ఒకతను చోక్ చైన్ (లాగితే మెడ చుట్టూ బిగిసే గొలుసు) వేస్తే రెండు రోజుల్లో దారికొస్తుందన్నాడట, ట్రైనర్ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. అమెరికా వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో ఇచ్చిన ప్రకటన కూడా ఏ కుక్కకైనా బహుమతితో నేర్పే పద్ధతే వాడమంటుంది. ఇంకో మాట, ఇంట్లో నేర్చుకున్నది బీచ్ రోడ్డు మీద కుక్కకి గుర్తుండదు. అది మొండితనం కాదు, చోటు మారితే మళ్ళీ మొదటి నుంచి. పొద్దున్నే వాకర్ల కోసం బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేసే టైములో ఇద్దరం విడివిడిగా, తర్వాత కలిసి, కూర్చో నుంచి మళ్ళీ మొదలెట్టాం. వేసవిలో ఎనిమిది దాటితే వద్దు, చెయ్యి వెనక్కి తిప్పి తారు మీద ఆనించి చూడండి, ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. మన వైజాగ్ ఉక్కపోతలో కుక్కలకి రొప్పినా ఒళ్ళు సరిగ్గా చల్లబడదు.

షిఫ్టులు మారినప్పుడు అప్పగింతలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. ఏం తిన్నది, డబ్బాలో ఎంత మిగిలింది, ఎక్కడ మొరిగింది. మొదట్లో ఆ మెసేజ్‌లు ఒకరి మీద ఒకరం ఫిర్యాదుల్లాగే ఉండేవి. "నిన్న మీరు వదిలేశారు కాబట్టి ఇవాళ ఇలా" తరహాలో. కుక్క ముందు ఒకరినొకరు సరిదిద్దుకోకూడదని కాగితం చివర రాసుకున్నాం. మా గొంతులు పెరిగితే రాగి చెవులు వెనక్కి పెట్టి మంచం కిందికి పోతుంది, ఆ తర్వాత ఎవరు పిలిచినా సగం మనసుతో వస్తుంది. పడుకునే ముందు మాట్లాడుకుంటాం, చాలాసార్లు అప్పటికి ఎందుకు కోపం వచ్చిందో కూడా గుర్తుండదు.

ఇంకా తేలనిది పిలిస్తే రావడం. "రా" అనే మాట మా ఇంట్లో పాడైపోయింది. ఆయన రా అని పిలిచి స్నానం చేయించారు, నేను రా అని పిలిచి గోళ్ళు కత్తిరించాను, అది ఆ మాట వింటే ఆలోచించుకుని వస్తోంది. మా స్కూల్ పీఈటీ సార్‌ని అడిగి అలాంటి విజిలే ఒకటి కొన్నాం. ఎవరు ఊదినా ఒకటే శబ్దం, కోపంగా ఊదడం కుదరదు. విజిల్ వేస్తే లివర్ ముక్క తప్ప ఇంకేదీ జరగదు, స్నానానికి మేమే వెళ్ళి ఎత్తుకొస్తాం. ఇద్దరం ఉండటం వల్ల నిజంగా లాభం కలిగింది ఇక్కడే: టెర్రస్ మీద చెరో చివర నిలబడి మార్చి మార్చి ఊదుతాం, అది అటూ ఇటూ పరిగెడుతుంది. ఒక్కరే అయితే ఈ ఆట ఆడలేరు.

టెర్రస్ మీద ప్రతిసారీ వస్తుంది. లాసన్స్ బే ఇసుకలో పది మీటర్ల తాడుతో దాదాపు ప్రతిసారీ వస్తుంది. పెద జాలారిపేట వైపు ఎండబెట్టిన చేపల వాసన తగిలితే విజిల్ కాదు కదా నేవీ సైరన్ మోగినా వినిపించదు. తాడు తీసేసి చూద్దామని ఆయన, వద్దని నేను. ఇద్దరిలో ఒకరు వద్దంటే వద్దు అని కాగితంలో ఉంది కాబట్టి ప్రస్తుతానికి తాడు ఉంది. ఆయనకి వచ్చే వారం సెకండ్ షిఫ్ట్, పొద్దున్నే ఖాళీ, చేపలు ఆరబెట్టిన చోటికి కాస్త దూరం నుంచి మొదలెట్టి రోజుకి కొంచెం దగ్గరికి జరుగుదామని ప్లాన్.